వాన వెలిసింది... గోడ ఆరిందా?

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. ఇంత తక్కువ వాన పడేచోట ఇళ్ళలోకి నీళ్ళు రావడమేమిటని మీరు అడగవచ్చు. ఆ వాన ఏడాది పొడుగునా సమంగా పడదు. కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిస్తే చిత్రావతి, జయమంగళి పొంగుతాయి. చెరువులు అలుగు పారతాయి.

అప్పుడు ధర్మవరం నేతపనివారికి వచ్చే కష్టం చూడండి. వారి గుంట మగ్గం నేలలో తవ్విన గుంతపై ఉంటుంది. నేసేవారు గుంతలో కాళ్ళు పెట్టుకుని తొక్కుడు కర్రలు తొక్కుతారు. నీరు పల్లానికి పోతుంది కదా! ఇంట్లో అన్నిటికన్నా పల్లం ఆ గుంతే. గడప దాటి నీరు రాకపోయినా, తడిసిన నేలలోంచి గుంతలోకి ఊట దిగుతుంది. పడుగు తడిస్తే పట్టుకు బూజు పడుతుంది, జరీ నల్లబడుతుంది. రోజుల తరబడి చేసిన శ్రమ పాడవుతుంది.

పల్లానికి పారే నీరు గోడలో మాత్రం పైకి ఎక్కుతుంది! ఎలాగో మీరే చూడండి. పళ్ళెంలో కొంచెం సిరా నీళ్ళు పోసి, అందులో సుద్దముక్కను నిలబెట్టండి. కాసేపటికి రంగు పైకి పాకుతుంది. సుద్దలోని సన్నని రంధ్రాలు నీటిని పైకి లాగుతాయి. ఇదే కేశనాళికా చర్య. ఇటుకలోనూ, మట్టిగోడలోనూ జరిగేది ఇదే. 3 కిలోల మామూలు ఇటుక అర కిలోకు పైగా నీరు పీల్చుకోగలదు. పెనుకొండ కొండ రాయి వంటి గ్రానైటులో రంధ్రాలు చాలా తక్కువ. అందుకే మట్టిగోడ కింద రాతి పునాది ఉంటే తడి అంత తేలికగా పైకి ఎక్కదు.

ఎక్కిన నీరు ఊరికే రాదు, నేలలోని లవణాలను కరిగించి తెస్తుంది. నీరు ఆవిరైపోతే లవణాలు గోడపై తెల్లగా మిగులుతాయి. ఆ స్ఫటికాలు లోపల పెరిగి గారను పెచ్చులుగా ఊడగొడతాయి. దాన్నే మనం గోడకు చౌడు పట్టిందంటాం.

మరి గోడ త్వరగా ఎందుకు ఆరదు? ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కాలరీల వేడి కావాలి. పైగా చుట్టూ గాలి తేమతో నిండి ఉంటే ఆవిరికి చోటుండదు. అందుకే కిటికీలు, తలుపులు ఎదురెదురుగా తెరిచి గాలి ఆడనివ్వాలి. బూజు సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. తడి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మొలకెత్తుతాయి. కాబట్టి ఆ రెండు రోజులే కీలకం. చాపలు, పరుపులు, పుస్తకాలు గోడకు దూరంగా జరపండి. చౌడును పొడి చీపురుతో దులపండి. నీళ్ళతో కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. తడి గోడకు వెంటనే సిమెంటు పూయవద్దని పెద్దలకు చెప్పండి. లోపలి నీరు దారిలేక ఇంకా పైకి ఎక్కుతుంది.

అన్నిటికన్నా ముందు ప్రాణరక్షణ. నీళ్ళలో నిలబడి స్విచ్చులు ముట్టుకోకూడదు. తడిసిన మట్టి బలం కోల్పోతుంది, బరువూ పెరుగుతుంది. కనుక వాన వెలిశాక కూడా గోడలు కూలుతాయి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న కదిరిలో 2021 నవంబరు భారీ వర్షాల్లో మూడంతస్తుల భవనం కూలి పక్క ఇళ్ళపై పడింది, ప్రాణాలు పోయాయి. గోడ ఉబ్బినా, ఒరిగినా, కొత్త పగుళ్ళు కనిపించినా వెంటనే బయటికి రండి. మగ్గం గుంతలో నీరు తోడినకొద్దీ ఊరుతుంటే, చుట్టూ నేల ఇంకా నీటితో నిండి ఉందన్నమాట. ఒక్కసారిగా ఖాళీ చేస్తే ఆ ఒత్తిడికి గుంత అంచులు విరిగిపడవచ్చు. కొంచెం కొంచెంగా తోడాలి.

మీ ఇంటి గోడ తడిసిందా? తడి ఎంతవరకు ఉందో అక్కడ పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయండి. వారం వారం చూడండి. తడి గీతకు కిందికి దిగితే గోడ ఆరుతున్నట్టే. గీత దాటి పైకి ఎక్కితే నీరు ఇంకా ఎక్కడినుంచో వస్తోంది. అది ఎక్కడినుంచో వెతికి పట్టుకోండి!