ఇంటికి వచ్చిన అమానతు

అనుకోకుండా ఒక ఇంటికి పిల్లలు వచ్చిపడటం, వారి అల్లరితో ఆ ఇంటి క్రమమంతా తలకిందులు కావటం, చివరకు ఆ పిల్లలు లేనిదే పెద్దలకు పొద్దు గడవకపోవటం ఎన్నో హాస్యచిత్రాలకు ఇతివృత్తమైంది. గుణ్ణం గంగరాజు దర్శకత్వంలో 1996లో వచ్చిన 'లిటిల్ సోల్జర్స్' తెలుగులో ఈ కోవకు చెందిన చిత్రం. తల్లిదండ్రులను పోగొట్టుకున్న సన్నీ, బన్నీలుగా బాలాదిత్య, కావ్య నటించారు. తాతగారి పాత్ర కోట శ్రీనివాసరావుది. బ్రహ్మానందం హాస్యానికి పిల్లలు నేటికీ నవ్వుతారు. అయితే ఆ నవ్వుల అడుగున ఒక చేదు నిజమున్నది. అనాథల ఆస్తిపై అయినవారి కన్ను పడటమే ఆ నిజం.

అదే సంవత్సరం నవంబరు 6న కోనసీమను తుపాను ముంచెత్తింది. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరితోటలు నేలకూలాయి. అటువంటి విపత్తు తరువాత తాతలు, మేనమామలు, పినతల్లులు రాత్రికి రాత్రే సంరక్షకులవుతారు. చిత్రంలో రెండున్నర గంటలలో ముగిసే కథ వారి ఇళ్లలో పది పదిహేనేళ్లు సాగుతుంది.

మన ప్రవక్త ముహమ్మద్ (సఅసం) స్వయంగా అనాథగా పెరిగారు. ఆరేళ్ల వయసులో తల్లిని కోల్పోయి తాతగారు అబ్దుల్ ముత్తలిబ్ ఒడికి, ఎనిమిదేళ్లకు ఆయన కూడా గతించగా పినతండ్రి అబూతాలిబ్ ఇంటికి చేరారు. అనాథను పోషించినవారు స్వర్గంలో తనకు రెండు వేళ్లంత సన్నిహితంగా ఉంటారని ఆయన శుభవార్త వినిపించారు.

అనాథల సొమ్ము తినేవారిని దివ్యఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించినప్పుడు సహాబాలు ఎంతగా భయపడ్డారంటే, తమ ఇంటి పిల్లవాడికి వేరుగా వండసాగారు. అతను తినగా మిగిలినది ముట్టటానికి జంకేవారు. అది పాడైపోయేది. అప్పుడు బఖరా సూరాలోని 220వ వాక్యం వారి ఇబ్బందిని తొలగించింది. వారు మీ సోదరులే, కలుపుకొని జీవించవచ్చునని అనుమతించింది. పొయ్యి ఒక్కటే కావచ్చు, లెక్క మాత్రం కలిసిపోరాదన్నది దీని సారం.

హిజ్రీ 7వ సంవత్సరంలో ప్రవక్త (సఅసం) మక్కా నుండి తిరిగివస్తుండగా హజ్రత్ హమ్జా (రజి) కుమార్తె వెంటపడి వచ్చింది. ఆమెను పెంచే భాగ్యం తనదంటే తనదని అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ వాదులాడారు. జాఫర్ భార్య ఆ బాలికకు ఖాలా కావటంతో, ఖాలా తల్లితో సమానమని చెప్పి ప్రవక్త (సఅసం) ఆమెకే అప్పగించారు. మిగిలిన ఇద్దరి మనసూ నొచ్చకుండా మెచ్చుకున్నారు. నేడు మన ఇళ్లలో ఈ వాదులాట 'నీవు తీసుకో, నీవు తీసుకో' అన్న తీరుకు మారకూడదు.

సంరక్షకులకు మనం చెప్పవలసిన మాట ఒక్కటే. ప్రేమతో పాటు ఒక లెక్కల పుస్తకం కూడా ఉంచండి. పిల్లల తోటలో ప్రతి దింపుకూ ఎన్ని కాయలు వచ్చాయి, కౌలు ఎంత ముట్టింది, బడి ఫీజు ఎంత కట్టారు అన్నవి రాసి పెట్టండి. ఉన్నవారు ప్రతిఫలం తీసుకోరాదనీ, లేనివారు ధర్మసమ్మతంగా మాత్రమే తీసుకోవచ్చుననీ నిసా సూరా బోధిస్తుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కోర్టు నియమించిన సంరక్షకుడు సైతం కోర్టు అనుమతి లేనిదే మైనరు భూమిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, ఐదేళ్లకు మించి కౌలుకివ్వరాదు.

ఈ సెలవుల్లో కుటుంబమంతా కలిసి ఆ చిత్రం చూసినా, చూడకపోయినా, బంధువర్గంలో అటువంటి పిల్లలు ఎవరున్నారో ఒకసారి గుర్తుచేసుకుందాం. వారిని భోజనానికి పిలుద్దాం. వారిని పెంచుతున్న ముసలి దాదీకి ఆ లెక్కల పుస్తకం రాసిపెట్టడంలో సాయపడదాం. పిల్లలు యుక్తవయసుకు వచ్చి, వివేకం తెలిసిన నాడు సాక్షుల ఎదుట ఆస్తిని అప్పగించమన్నది దైవాజ్ఞ. ఆ రోజున ఆ పుస్తకం అవసరమవుతుంది.