బండెనక కూకున్నోనికీ హక్కుంది: ఆస్పత్రిలో చెప్పే మొదటి మాట కాడ జాగ్రత్త

సాయంత్రం షిఫ్టు ఇడిసే యాళకి పెనుకొండ పక్కన ఎర్రమంచి కాడ హైవే మీద నిలబడి సూడండి. ఒక్కో బండిమీద ఇద్దరు, ముగ్గురు. హిందూపురంలో తూమకుంట కంపెనీల కాడా అదే కత. ధర్మవరంలో అయితే ముందరోడు బండి తోల్తాంటే, ఎనకోడు చీరల మూట ఒళ్లో పెట్టుకోని కూకుంటాడు. బస్సు సరిగ్గా రాని ఊర్లల్లో మన బతుకు ఇట్లనే నడుస్తాంది. యాక్సిడెంట్ అయితే మాత్రం అందరూ బండి తోలినోని గురించే మాట్లాడతారు. ఎనక కూకున్నోడు కాలిరిగి మంచంలో పడుంటే, వానికి చట్టంలో ఏముందో చెప్పేటోడు ఉండడు.

నాకూ తెలీదు అప్పుడు. 2013లో మా మామ కొడుకు బండి తోల్తాంటే నేను ఎనక కూకోనుంటి. మలుపులో స్పీడు తగ్గీలేదు, కల్వర్టుకు కొట్టినాడు. వానికి గీరుకపోయింది అంతే, నాకు మోకాలి కింద ఎముక ఇరిగింది. ఆస్పత్రిలో కాగితం రాసుకునే ఆయప్ప "ఎట్లయింది?" అని అడిగితే, "కుక్క అడ్డమొచ్చి జారి పడితిమి సార్" అంటి. సొంతోన్ని కేసులో ఇరికిస్తామా అని. రాడ్డు ఏసినారు, ఆర్నెల్లు పనికి పోలేదు, ఇంట్లో కమ్మలు కుదువకు పోయినాయి. ఆ బండికి ఫుల్ ఇన్సూరెన్సు ఉండాదని, నా ఖర్చు కంపెనీ కట్టాల్సిందని రెండేండ్ల తర్వాత ఒక లాయరు చెప్తే తెలిసింది. "మీరే కుక్క అని రాపిచ్చినారు కదప్పా, ఇంగేం చేసేది" అన్నాడాయన.

నేను చేసిన తప్పే మన పిల్లోళ్లు ఈరోజుకీ చేస్తాన్నారు. అందుకే ఇది రాస్తాండేది.

ముందు ఒక భయం తీసేస్తా. పరిహారం కేసు వేరు, పోలీసు కేసు వేరు. పరిహారం కోసం మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు పోతాం. దాంట్లో బండి ఓనరు, ఇన్సూరెన్సు కంపెనీ ఇద్దరి పేర్లూ ఉంటాయి. పాలసీ సరిగ్గా ఉంటే దుడ్లు కట్టేది కంపెనీ. స్టేషన్‌లో పెట్టే ర్యాష్ డ్రైవింగ్ కేసు తోలినోని మీద ఉంటుంది, నిజమే. దెబ్బలు తగిలిన కేసుల్లో ఆ సెక్షన్లు బెయిలబుల్. జైలుకు పోతాడేమో అని మనం అబద్ధం చెప్తాం, ఆ అబద్ధం కంపెనీకి లాభం అవుతుంది.

ఇంగ అసలు సంగతి. తప్పు ఎవురిది అనేదాన్ని బట్టి దావ మారుతుంది.

అవతలి లారీదో, కారుదో తప్పయితే ఇబ్బంది తక్కువ. ఆ బండి ఇన్సూరెన్సుకు నువ్వు థర్డ్ పార్టీ. వాళ్ల డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా, కంపెనీ ముందు నీకు కట్టి తర్వాత ఓనరు కాడ వసూలు చేసుకోవాలని కోర్టులు చానా కేసుల్లో చెప్పినాయి. ఇద్దరు డ్రైవర్లదీ తప్పుంటే? ఎనక కూకున్నోడు మొత్తం పరిహారం ఇద్దరిలో ఎవురో ఒకరి కాడ వసూలు చేసుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లలో ఎవురి వాటా ఎంత అనేది వాళ్లు తేల్చుకోవాల. "ముగ్గురు ఎక్కినారు, కాబట్టి మీదీ తప్పే" అని కంపెనీ లాయరు బెదిరిస్తాడు. 2020లో మహమ్మద్ సిద్దిఖ్ కేసులో దీనికీ జవాబొచ్చింది. ముగ్గురు ఎక్కడం నేరం, దానికి ఫైన్ ఉంది. అయితే ముగ్గురు ఉండడం వల్లనే యాక్సిడెంట్ అయిందనో, దెబ్బ పెద్దదయిందనో రుజువు చెయ్యకుండా పరిహారం కోసేదానికి లేదు.

మన బండి తోలినోనిదే తప్పయితే? మన ఊర్లల్లో ఎక్కువమంది మునిగేది ఇక్కడే. అప్పుడు అంతా బండి పాలసీ మీద ఉంటుంది. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీ అయితే, ఎనక ఊరికే కూకున్నోడు దాంట్లోకి రాడని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్సు అనేది ఉంటే, ఎనక కూకున్నోడూ దాంట్లో ఉన్నట్లే. ఈ మాట ఇన్సూరెన్సు రెగ్యులేటరే 2009 నవంబరులో సర్కులర్ ఇచ్చి కంపెనీలకు చెప్పింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది.

మన బండ్లకు ఉండేది ఏది? 75 సీసీ పైన, 150 సీసీ లోపల బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో పెట్టిన లెక్క ప్రకారం 714 రూపాయలు, పైన జీఎస్టీ. పోలీసులు ఆపితే సూపిచ్చేకి అది చాలని అదే కట్టేస్తాం. కొత్త బండి తీసుకున్నోళ్లకు ఇంకో మోసం ఉంది, మోసం అంటే ఎవురూ చేసింది కాదు, మనం కాగితం సదవకపోవడమే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేండ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు. సొంత బండి డ్యామేజీ భాగం మాత్రం మామూలుగా మొదటి ఏడాదికే. "ఐదేండ్లు ఇన్సూరెన్సు ఉందిలే" అని మనం తిరుగుతాంటాం. రెండో ఏడాది యాక్సిడెంట్ అయితే కంపెనీ "మా కాడ ఉండేది థర్డ్ పార్టీ ఒక్కటే, ఎనకోడు మాకు లెక్కలేదు" అంటుంది. అప్పుడు కట్టాల్సింది ఓనరే. ఓనరంటే ఆర్సీలో పేరుండేటోడు. బండి అమ్మి పేరు మార్పించకుండా ఇడిసిపెట్టినోళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, 2018లో సుప్రీంకోర్టు రికార్డులో పేరున్నోన్నే ఓనరు అన్నింది.

గుద్దినోడు నిలబడకుండా పోతే, బండి నెంబరు దొరక్కపోతే, అది హిట్ అండ్ రన్. పెద్ద గాయానికి 50 వేలు, సావుకు 2 లక్షలు. 2022 ఏప్రిల్ నుంచి ఇదే లెక్క. దీనికి కోర్టుకు పోబల్లేదు. దరఖాస్తు రెవెన్యూ అధికారికి ఇయ్యాల, మనకు పెనుకొండలో, ధర్మవరంలో ఆర్డీఓ ఆఫీసులు ఉండాయి. తక్కువ దుడ్లే, అయినా ఇడిసిపెట్టొద్దు. అట్లని తెలిసిన బండిని "తెలీని బండి" అని, లేని లారీని ఉందని రాపిస్తే మాత్రం ఉన్న కేసూ పోతుంది, నీ మీదనే కొత్త కేసు పడుతుంది.

మన జిల్లా కర్ణాటక బార్డరులో ఉంది. కొడికొండ దాటినాక బాగేపల్లి కాడనో, యలహంక కాడనో పడినోళ్లు "ఆ రాష్ట్రం కోర్టుకు తిరగల్లా" అని ఊరుకుంటారు. అక్కర్లేదు. యాక్సిడెంట్ అయిన చోట గానీ, నువ్వు కాపురముండే చోట గానీ, అవతలోడు ఉండే చోట గానీ కేసు ఎయ్యొచ్చు. ఎఫ్‌ఐఆర్ కన్నడంలో ఉంటే తర్జుమా చేయించుకోవాల, అంతే.

గడువు ఆర్నెల్లు. 2022 ఏప్రిల్‌కు ముందు గడువే లేకుండె, ఇప్పుడు పెట్టినారు. గడువు దాటిందని కేసులు కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది గానీ, దాన్ని నమ్ముకోని ఆలస్యం చేసుకోవద్దు. పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలని రూలు ఉంది. పోయి అడగండి, అడగందే కాగితం కదలదు.

ఎంత వస్తుంది అనే లెక్కలోనే నాకు బాధ ఎక్కువ. ధర్మవరం గుంతమగ్గం మీద కూకునే పిల్లోనికి కాలు పోయిందనుకోండి. సదరం సర్టిఫికెట్‌లో 30 శాతం అని రాస్తారు. మగ్గం తొక్కేది కాలితో. ఆఫీసులో కూకునేటోనికి 30 శాతం వేరు, వీనికి వేరు. అవయవం ఎంత పోయింది అని కాదు, సంపాదన ఎంత పోయింది అని సూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 ఏండ్లోడు, నెలకు 12 వేలు సంపాదిస్తాండె అనుకుందాం. ఏడాదికి లక్షా 44 వేలు. ముందుముందు పెరిగే సంపాదనకు 40 శాతం కలిపితే 2,01,600. ఆ వయసుకు 18తో గుణిస్తారు. సంపాదన నష్టం 30 శాతమే అన్నా 10,88,640 రూపాయలు. 60 శాతం అని నిరూపిస్తే దానికి రెట్టింపు. ఆస్పత్రి ఖర్చు, నొప్పికి ఇచ్చేది వేరే. ఇట్లాంటి కాలును మన పెద్దమనుషులు స్టేషన్ ముందర టీకొట్టు కాడ 40 వేలకు రాజీ చేస్తాన్నారు.

అందుకే మగ్గం ఇచ్చిన షావుకారు కాడ కూలి లెక్క రాసిన పుస్తకం, బ్యాంకు పాసుబుక్కు, మందుల బిల్లులు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు అన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. తెల్ల కాగితం మీద సంతకం అడిగితే పెట్టొద్దు. ఆస్పత్రిలో "ఎట్లయింది" అని అడిగితే ఎవురు తోలినారు, ఎట్ల గుద్దినారు, బండి నెంబరు ఎంత, ఉన్నది ఉన్నట్లు చెప్పండి. లాయరుకు ఇచ్చే దుడ్లు లేవంటే కోర్టులోనే న్యాయసేవా కమిటీ ఉంటుంది. ఆడోళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నోళ్లకు ఊరికే లాయరును పెడతారు. ఫోన్ నెంబరు 15100.