పర్యాటక ప్రణాళికకు గ్రామసభే పునాది

చోడవరం: అనకాపల్లి నుండి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కే యాత్రికునికి ఒకే ప్రయాణంలో మైదానం, మన్యం రెండూ దర్శనమిస్తాయి. అనకాపల్లి సమీపాన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ, లింగాలకొండలపై రాతిని తొలిచి నిర్మించిన బౌద్ధ స్తూపాలు, చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరాలయం, ఆపై కాఫీ తోటల కొండలు వరుసగా వస్తాయి. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని ఈ మార్గం 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల మధ్య విస్తరించి ఉన్నది.

సందర్శకులు పెరిగిన చోట ఉపాధితో పాటు వివాదాలు కూడా తలెత్తుతాయి. భూమి ఎవరిది, ఆదాయం ఎవరికి, ఆచారానికి చోటెంత అనే ప్రశ్నలే వీటికి మూలం.

బొజ్జన్నకొండ ఇందుకు చక్కని ఉదాహరణ. పురావస్తు శాఖకు అది రక్షిత స్థలం, పరిసర గ్రామాల వారికి కనుమ నాటి తీర్థం. అక్కడ పొట్ట ఆకారంలో ఉన్న ఒక నిర్మాణాన్ని రాక్షసుని బొజ్జగా భావించి, ఆ రోజున రాళ్ళు రువ్వడం ఆనవాయితీగా ఉండేది. 2019 జనవరిలో ఇన్‌టాక్ సంస్థ, పోలీసు శాఖల చొరవతో దీనిని నిలిపివేశారు. అయితే బందోబస్తు ఒక్క రోజును మాత్రమే కాపాడగలదు. ఆ కట్టడం తమదేనన్న భావన గ్రామస్థులలో కలిగినప్పుడే అది ఏడాది పొడవునా పదిలంగా ఉంటుంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఈ భారం మోసేది ఇరుగుపొరుగు గృహస్థులే కనుక, సందర్శకుల వలన వచ్చే లాభంలోనూ వారికి వాటా ఉండడం న్యాయం.

మన్యంలో ప్రశ్న భూమికి సంబంధించినది. అనంతగిరి మండలం బొర్రా పరిసర గ్రామాలలో గనుల లీజులపై తలెత్తిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పునిస్తూ, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని స్పష్టం చేసింది. 1970 నాటి 1వ నిబంధన భూ బదలాయింపును నిషేధిస్తున్నది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం అభివృద్ధి పథకాలకు భూమి సేకరించే ముందు గ్రామసభను గాని, తగు స్థాయి పంచాయతీని గాని సంప్రదించాలి. ఈ నియమాలను పట్టించుకోకుండా విశ్రాంతి గృహాలు తలపెడితే వివాదం అనివార్యం.

కనుక ప్రణాళిక ఆరంభంలోనే గ్రామస్థులు, మహిళా సంఘాలు, చిరు వ్యాపారులు, వాహన యజమానులు, అటవీ, పురావస్తు, పర్యాటక శాఖల వారు ఒకచోట కూర్చోవాలి. ప్రవేశ రుసుములో పంచాయతీ వాటా, దుకాణాల కేటాయింపు, చెత్త తొలగింపు, మంచినీరు, మరుగుదొడ్లు, వాహనాలు నిలిపే స్థలం, పండుగ రోజుల ఏర్పాట్లు ముందుగా తేల్చుకోవాలి. నిర్ణయాలను తెలుగులో వ్రాసి, గ్రామసభలో చదివి వినిపించి, ఏటా సమీక్షించాలి. భిన్నాభిప్రాయాలను సైతం నమోదు చేయాలి. పిలవడమే ఆలస్యమైతే సమావేశం కేవలం లాంఛనమవుతుంది.

1999లో చిలీ దేశంలోని శాంటియాగో నగరంలో ప్రపంచ పర్యాటక సంస్థ ఆమోదించిన నైతిక నియమావళి కూడా పర్యాటక ఫలాలు స్థానికులకు సమంగా అందాలని పేర్కొన్నది. యాత్రికుడు ఒక పూట ఉండి వెళ్ళిపోతాడు. ఆ కొండ క్రింద తరతరాలుగా జీవించే వారి సమ్మతియే ఏ పర్యాటక కేంద్రానికైనా శాశ్వతమైన రక్షణ.