ఎడమ కిటికీ పక్కన కూర్చోండి

లిస్బన్‌లోని కాయిష్ దు సుద్రె స్టేషన్‌లో రైలెక్కితే ఎడమ చేతి వైపు కిటికీ పక్కన కూర్చోండి. మొదట తేజో నది, ఆపైన అట్లాంటిక్ సముద్రం పట్టాల పక్కనే మనతో వస్తాయి. పాతిక కిలోమీటర్ల దూరం, సుమారు నలభై నిమిషాల ప్రయాణం. మామూలు లోకల్ రైలు. పోర్చుగల్‌లో డబ్బున్నవాళ్ల తీరంగా పేరుపడ్డ ఎస్టొరిల్, కష్కాయిష్‌లకు దారి ఇదే కావడం నాకు భలే నచ్చింది.

1870లో మొదటి లూయిష్ రాజు ఎండాకాలం విడిదికి కష్కాయిష్ కోటను ఎంచుకునేదాకా ఇది జాలర్ల ఊరు. రాజు వెనకే దొరలు వచ్చారు, మేడలు లేచాయి. 1878లో దేశంలో తొలి విద్యుద్దీపాలు ఈ కోటలోనే వెలిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పోర్చుగల్ తటస్థంగా ఉండటంతో ఎస్టొరిల్ హోటళ్లలో రెండు పక్షాల గూఢచారులూ మకాం వేశారు. 1941లో బ్రిటిష్ నౌకాదళ నిఘా అధికారిగా వచ్చిన ఇయాన్ ఫ్లెమింగ్ తర్వాత జేమ్స్ బాండ్‌ను సృష్టించాడు. సింహాసనం పోగొట్టుకున్న ఇటలీ రాజు ఉంబెర్తో, రొమేనియా రాజు కరోల్ ఇక్కడే తలదాచుకున్నారు.

ఎస్టొరిల్ కాసినో ముందున్న తోట దాటి, పట్టాల కింది దారిలోంచి అటు వెళితే తమరీష్ బీచ్. అక్కడ ఇసుక మీద పరుచుకునే గుడ్డను వాళ్లు 'తుఆల్య' అంటారు. మన తువ్వాలే! ఆ మాట మనకు వచ్చింది వాళ్ల నుంచే. మేస్త్రీ, అల్మారా, అనాస కూడా అంతే. అంత దూరాన, ఉప్పుగాలిలో, మనింటి మాట చెవిన పడితే ప్రాణం లేచొచ్చింది.

తమరీష్ నుంచి సముద్రం ఒడ్డునే నడిస్తే కష్కాయిష్. పాత మునిసిపల్ భవనం ముందు నేలంతా అలలు: అరచేతిలో పట్టేంత తెల్ల రాళ్లు, నల్ల రాళ్లు ఒక్కొక్కటీ సుత్తితో చెక్కి, పక్కపక్కన పేర్చినవి. కాసేపు తదేకంగా చూస్తే నేల ఊగుతున్నట్టే ఉంటుంది. నాలుగడుగుల్లో జాలర్ల రేవు. గట్టున వలలు కుప్పగా పోసి ఉంటాయి, రంగుల పడవలు నీళ్లలో ఊగుతుంటాయి. కోట్ల ఖరీదు చేసే మేడలు చుట్టూ లేచినా ఆ వలలు అక్కడే ఉన్నాయి. నాకు ఈ ఊరి అందమంతా అందులోనే కనిపించింది.

ఊరికి పడమట కొండరాతిని అలలు తొలిచిన 'నరకపు నోరు' ఉంది. ఇంకా ముందుకెళితే గాలి హోరెత్తే గింషు తీరం. సర్ఫింగ్ చేసేవాళ్లకది స్వర్గం, ఈత రానివాళ్లు మాత్రం గట్టునే నిలబడాలి.

పోర్చుగల్‌లో 1864 నుంచి సముద్రతీరం ప్రజల ఆస్తి. ఎంత పెద్ద మేడ కట్టినా ఎదురుగా ఉన్న ఇసుకకు కంచె వేయడానికి లేదు. అందుకే ఎండాకాలం సాయంత్రం తిరుగు రైలు కిక్కిరిసిపోతుంది. తడి జుట్టుతో పిల్లలు, చంకలో గొడుగులతో నాన్నలు, తువ్వాళ్లు భుజాన వేసుకున్న అమ్మమ్మలు. ఈసారి కుడివైపు కిటికీ పక్కన చోటు దొరకబుచ్చుకున్నాను. రైలు కదిలాక చూస్తే సీట్ల కింద సన్నగా ఇసుక.