‘పడ్నేదు మామ్మా, ఇంకోపాలి ఎట్టు’: గుమ్మం ముందు వేలిముద్ర మోసం

వృద్ధుల్ని మోసాల నుంచి కాపాడటానికి చెప్పే సలహాలన్నీ అపార్టుమెంట్లని దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంటాయి. తెలియని మనిషికి తలుపు తీయొద్దు, ఓటీపీ చెప్పొద్దు, గుమ్మానికి కెమెరా పెట్టించుకోండి. శ్రీకాకుళాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లిలో గానీ, చుట్టుపక్కల మాల, మాదిగ, రెల్లి వీధుల్లో గానీ ఒంటరిగా బతికే డెబ్బై ఏళ్ల మామ్మకి ఇందులో ఏదీ అక్కరకి రాదు. పగలంతా తలుపు తెరిచే ఉంటుంది. ఓటీపీ వచ్చే ఫోను విశాఖకో హైదరాబాదుకో పనికెళ్లిన కొడుకు జేబులో ఉంటుంది. పైగా ఇంటికొచ్చి వేలు పెట్టమనే మనిషి కోసమే ఆమె ఒకటో తారీఖు దాకా ఎదురుచూస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి పింఛను గుమ్మం దగ్గరికే వస్తోంది. ముందు వలంటీర్లు తెచ్చారు. 2024 జులై నుంచి సచివాలయ సిబ్బంది తెస్తున్నారు. ఆ జులైలోనే వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలైంది. వెనకటి మూడు నెలల పెంపు కలిపి మొదటిసారి 7,000 చేతికొచ్చింది. డప్పు కళాకారులకీ చర్మకారులకీ 4,000. డయాలసిస్ రోగులకి 10,000. ఉద్దానం ఉన్న జిల్లాలో ఆ చివరి అంకె విలువేంటో వేరే చెప్పక్కర్లేదు. ఏ రోజు ఏ ఇంట్లో ఎంత నగదు ఉంటుందో ఊరందరికీ తెలుసు. మోసగాడికీ తెలుసు.

అందుకని ఇంటి దగ్గర పంపిణీ వద్దంటే అన్యాయం. 2024 ఎన్నికల ముందు వలంటీర్లని పక్కన పెట్టినప్పుడు ఏప్రిల్‌లో సచివాలయాల దగ్గర, మే నెలలో బ్యాంకుల దగ్గర ముసలివాళ్లు ఎండలో పడిగాపులు పడటం చూశాం. గుమ్మం దగ్గర పింఛను వాళ్ల హక్కు. తేల్చుకోవలసింది వేరే ఉంది: వచ్చిన మనిషి పెట్టించుకున్న వేలిముద్ర దేనికి?

వేలిముద్రల్లో రెండు రకాలున్నాయి. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే. పింఛను రోజు వేసే ముద్ర ‘ఈ మనిషి ఈమే’ అని రుజువు చేయడానికి. ఆ డబ్బు ప్రభుత్వం పంపిన నగదు, ఆమె ఖాతాలోంచి తీసేది కాదు. రెండోది బ్యాంకు మిత్ర చేతిలోని మెషీన్ మీద వేసేది. దీన్ని ఏఈపీఎస్ అంటారు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, కార్డూ పిన్నూ ఓటీపీ ఏమీ లేకుండా ఖాతాలోంచి డబ్బు బయటికి వస్తుంది. కాబట్టి ఇంటికొచ్చిన మనిషి ‘నీది ఏ బ్యాంకు?’ అన్నాడంటే అది పింఛను పని కాదు. ‘పింఛను పోతాది, కేవైసీ చెయ్యాల’ అన్నా, ‘పథకం డబ్బులు పడ్డాయో లేదో చూస్తాను’ అన్నా అంతే. రేషన్ ఈకేవైసీ నిజంగానే వేలిముద్రతో జరుగుతుంది కాబట్టి ఈ అబద్ధం అతుకుతుంది.

ఇక ‘పడ్నేదు’ సంగతి. జీవితమంతా వరి కోసిన, ఇటుకలు మోసిన, వీధులు ఊడ్చిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. మెషీన్ వాటిని గుర్తుపట్టదు. మూడుసార్లు, నాలుగుసార్లు, వేలు మార్చి, తడి తుడిచి పెట్టించడం వీళ్లకి మామూలు. ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషికి రెండోసారి పెట్టమంటే అనుమానం వస్తుంది. కూలి చేసిన మనిషికి రాదు. మొదటిసారే డబ్బు తీసేసి, ‘పడ్నేదు, ఇంకోపాలి ఎట్టు’ అని రెండోసారి తీయడానికి ఇంతకంటే అనువైన సాకు ఉండదు. ‘సర్వర్ లేదు, రేపు రా’ అన్నది దీనికి తమ్ముడు. కులం కేటాయించిన పనే ఇక్కడ మోసానికి సందు ఇస్తోందని నేనంటే అతిశయోక్తి కాదు.

మరి సైబర్ పోలీసులు చెప్పే సలహా ఏంటి? ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమని. ఉద్యోగస్తులకి మంచి సలహానే. రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రల్ని నకలు చేసి ఇలా డబ్బు కాజేసిన ముఠాని 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు కూడా. కానీ లాక్ చేస్తే పింఛను మెషీనూ రేషన్ మెషీనూ కూడా ఆ వేలిని ఒప్పుకోవు. నెలనెలా తీసి మళ్లీ వేయడానికి ఆధార్‌కి లింకైన ఫోను కావాలి, అది కొడుకు దగ్గరుంది. అంతకంటే నయం, ఆమె ఖాతా ఉన్న బ్రాంచికి తీసుకెళ్లి ‘ఆధార్ వేలిముద్రతో విత్‌డ్రాయల్ ఆపండి’ అని కాగితం మీద రాసిచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోవడం. పింఛనుకీ దీనికీ సంబంధం లేదు.

ఇంకో భ్రమ, మోసగాడు బయటివాడై ఉంటాడని. అగ్రిగోల్డ్ గుర్తుందా? సుమారు 32 లక్షల మంది డిపాజిట్‌దారులు. ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన ఏజెంట్లు చాలాచోట్ల ఆ ఊరి మనుషులే, వాళ్లలో చాలామంది తాము కూడా మోసపోయినవాళ్లే. ‘తెలిసినోడే కదా’ అన్న మాటే అక్కడ పూచీకత్తు. వేలిముద్ర మెషీన్ పట్టుకున్నవాడూ తెలిసినవాడే అవుతాడు, ఒక్కోసారి మనవడి వరసవాడు. అందుకే బాధితులు బయటికి చెప్పరు. అతనితో చెడితే రేపు డబ్బు తీసి తెచ్చిపెట్టే దిక్కుండదు. మన కార్యకర్తలు ఫిర్యాదు రాయించేముందు ఈ భయం ఊహించుకోవాలి, వేరే బ్యాంకు మిత్రని చూపించాలి.

డబ్బు పోయిందని తెలిస్తే మొదట 1930కి ఫోను. అదే రోజు బ్యాంకుకి రాతపూర్వక ఫిర్యాదు. ఎఫ్ఐఆర్ తెస్తేనే తీసుకుంటామని బ్రాంచిలో అంటే వినక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ గ్రామీణ బ్యాంకులకీ వర్తిస్తుంది. బయటివాళ్ల వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకి నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే జీరో బ్యాలెన్స్ ఖాతాకి నష్టం 5,000 దాటకూడదు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాలో వేయాలి. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సింది బ్యాంకు.

‘వేలు ఆమే పెట్టింది కదా’ అని బ్యాంకు అడ్డం తిరుగుతుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. బ్యాంకు మిత్ర బ్యాంకు నియమించిన ఏజెంటు, అతని చర్యలకి బ్యాంకుదే బాధ్యత. మోసం బ్యాంకు వైపు నుంచి జరిగితే ఎప్పుడు చెప్పారన్న దానితో పనిలేకుండా ఖాతాదారుకి నష్టం సున్నా అని అదే సర్క్యులర్ చెబుతోంది. నిజంగానే సర్వర్ పోయి డబ్బు కట్ అయితే, 2019 నాటి మరో సర్క్యులర్ ప్రకారం ఐదు రోజుల్లో తిరిగి పడాలి, దాటితే రోజుకి 100 రూపాయల పరిహారం. ఈ వంద రూపాయల సంగతి బ్యాంకులు తమంతట తాము చెప్పడం అరుదు.

ముప్పై రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఖర్చు లేదు. సమాచారానికి 14448. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు, దానికి 15100.

శ్రీకాకుళంలో చదువుకునే మన విద్యార్థులు చేయగలిగేది ఒకటుంది. నెలలో రెండో వారం, పింఛను హడావుడి తగ్గాక, వీధిలోని పాస్‌పుస్తకాలన్నీ తీసుకుని, వాళ్లనీ వెంటబెట్టుకుని బ్రాంచికెళ్లి ప్రింటు వేయించండి. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని ఒక్కో విత్‌డ్రాయల్ గట్టిగా చదివి ‘ఇది నువ్వు తీసుకున్నావా మామ్మా?’ అని అడగండి. బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీసిన ప్రతిసారీ స్లిప్ అడిగి పాస్‌పుస్తకంలో పెట్టుకోమని చెప్పండి. చదువు రాకపోయినా స్లిప్పుల లెక్క వాళ్లకి తెలుస్తుంది. మూడు విత్‌డ్రాయల్స్‌కి రెండు స్లిప్పులే ఉంటే ఆ మూడోది ఎవరిదో ఆ సాయంత్రమే వెళ్లి అడగొచ్చు.