గీత చెరగని డిస్కు ఏది?

ఒక శాస్త్రవేత్త తయారుచేసిన రాకాసి మరమనుషులు నగరం మీద పడి దోచుకుంటాయి. వాటి చేతులు రెక్కలవుతాయి, గాల్లోకి లేస్తాయి. చివర్లో పైనుంచి కరిగిన లోహం పోస్తుంటే సూపర్‌మ్యాన్ తన కేప్ అడ్డం పెట్టి విలేకరి లోయిస్ లేన్‌ను కాపాడతాడు. 1941 నవంబరులో అమెరికా థియేటర్లకు వచ్చిన ‘ద మెకానికల్ మాన్‌స్టర్స్’ కథ ఇది. నిడివి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఈ రోజు లెక్కలేనన్ని డీవీడీల్లో దొరుకుతాయి. ఒకదాంట్లో కేప్ ఎర్రగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఇటుక రంగు, మరోదాంట్లో బొమ్మంతా గులాబీ రంగులో మునిగి ఉంటుంది. ఒకదాంట్లో మరమనిషి ఒంటి మీది రేకుల అతుకులు లెక్కపెట్టవచ్చు, ఇంకోదాంట్లో అదంతా బూడిద రంగు ముద్ద. అట్ట మీద మాత్రం దాదాపు అన్నిటికీ ‘రీస్టోర్డ్’ అనే ఉంటుంది. ఆ మాట అచ్చువేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇన్ని డిస్కులు ఎందుకున్నాయంటే కారణం చట్టంలో ఉంది. అప్పటి అమెరికా కాపీరైటు 28 ఏళ్లు ఉండేది. ఆ తర్వాత దరఖాస్తు పెట్టి పొడిగించుకోవాలి. ఇలాంటి సూపర్‌మ్యాన్ కార్టూన్లు మొత్తం 17 వచ్చాయి. వాటికి ఆ పని చేయలేదు. దాంతో 17 కార్టూన్లూ ప్రజల సొత్తయ్యాయి. పాత్ర హక్కులు డీసీ కామిక్స్ దగ్గరే ఉన్నా, ఈ ఫిల్ములను మాత్రం ఎవరైనా కాపీ చేసి అమ్ముకోవచ్చు. చేతికి ఏ ప్రింటు దొరికితే దాని నుంచే డిస్కు తయారైంది. కాబట్టి డిస్కు కొనేవాడు మొదట వేయాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ ఫిల్ము నుంచి తీసింది?

ఆ ప్రశ్న విలువ తెలియాలంటే ఈ కార్టూన్లను ఎలా తీశారో తెలియాలి. వీటిని మొదలుపెట్టింది మాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ అనే అన్నదమ్ములు. నటుణ్ణి ఫిల్ము తీసి, దాని మీద ఫ్రేము ఫ్రేముకూ గీతలు గీసి బొమ్మకు మనిషి కదలిక తెచ్చే రోటోస్కోప్ పరికరానికి మాక్స్ 1917లోనే పేటెంటు పొందాడు. బెట్టీ బూప్, పొపాయ్ కార్టూన్లు వాళ్ల స్టూడియోవే. 1938లో కామిక్ పుస్తకంలో పుట్టిన సూపర్‌మ్యాన్‌ను మయామీలోని తమ స్టూడియోలో, పారమౌంట్ డబ్బుతో తెరకెక్కించారు. మొదటి కార్టూన్ 1941 సెప్టెంబరులో వచ్చి ఆస్కార్‌కు నామినేట్ అయింది. తొమ్మిది కార్టూన్ల తర్వాత స్టూడియో అన్నదమ్ముల చేయి జారిపోయింది. పారమౌంట్ దానికి ఫేమస్ స్టూడియోస్ అని పేరు పెట్టి 1943 జూలై దాకా మరో ఎనిమిది తీయించింది. నల్లని నీడలు, కింది కోణం నుంచి కనిపించే ఆకాశహర్మ్యాలు, ఒక్క టార్చిలైటు వెలుతురులో నడిచే దృశ్యాలు. పిల్లల బొమ్మల్లో అంత చీకటిని అంత ధైర్యంగా వాడినవాళ్లు అప్పటికి లేరని నా అభిప్రాయం. డిస్కు మంచిదో కాదో తేల్చేదీ ఆ చీకటే.

రంగు టెక్నికలర్ పద్ధతిలో పట్టారు. కార్టూన్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. బొమ్మ కదలదు కాబట్టి ఒకే బొమ్మను ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా వరసగా మూడుసార్లు, ఒకే నలుపు-తెలుపు ఫిల్ము మీద ఫొటో తీసేవారు. పది నిమిషాల సినిమాకు మామూలుగా 900 అడుగుల ఫిల్ము చాలు. ఈ పద్ధతిలో నెగటివ్ 2,700 అడుగులవుతుంది. థియేటరుకు వెళ్లే ప్రింటు తయారీ ఇంకో కళ. ఒక్కో ఫిల్టరు గుండా తీసిన మూడు రికార్డుల నుంచి మూడు అచ్చులు తీసి, ఒక్కోదానికి ఒక్కో రంగు అద్ది, ఖాళీ ఫిల్ము మీద ఒకదాని తర్వాత ఒకటి ఒత్తేవారు. పెడనలో కలంకారీ బట్ట మీద ఒక్కో రంగుకు ఒక్కో చెక్క అచ్చు వేసినట్టే. అచ్చు వెంట్రుకవాసి పక్కకు జరిగితే అంచున వేరే రంగు చారలా కనిపించడం ఇక్కడా అంతే.

ఇందులో గమనించాల్సిన సంగతి, నెగటివ్‌లో రంగే లేదు. ఉన్నది వెండి రేణువులు, మూడు నలుపు-తెలుపు రికార్డులు. లేని రంగు వెలిసిపోదు. ఎనభై ఏళ్ల తర్వాత ఆ నెగటివ్‌ను స్కాన్ చేసి మూడు రికార్డులనూ కంప్యూటరులో కలిపితే రంగు మళ్లీ తాజాగా పుడుతుంది. టెక్నికలర్ ప్రింట్ల మీది అద్దకపు రంగులు కూడా గట్టివే. తర్వాతి కాలపు ఈస్ట్‌మన్‌కలర్ కాపీలతోనే పేచీ. వాటిలో నీలి, పసుపు రంగులు ముందుగా క్షీణించి ఎరుపు మిగులుతుంది. బొమ్మంతా గులాబీగా కనిపించే డిస్కు అలాంటి కాపీ నుంచి పుట్టిందే. దాన్ని కంప్యూటరులో కొంత సరిచేయవచ్చు గానీ, పోయిన రంగును తిరిగి తేలేరు. ఉన్న రంగును లాగి సాగదీస్తారు, అందుకే చర్మం రంగు ఒకలా, ఆకాశం ఇంకోలా తప్పుతాయి.

టీవీ కాలంలో ఈ కార్టూన్లు 16 ఎంఎం ప్రింట్లుగా ఊరూరూ తిరిగాయి. చౌక డిస్కుల్లో ఎక్కువ భాగం వాటి సంతానమే. 35 ఎంఎం ఫ్రేము వైశాల్యంలో 16 ఎంఎం ఫ్రేము నాలుగో వంతు కూడా ఉండదు. పైగా అది కాపీకి కాపీ. ప్రతి కాపీలోనూ నీడల్లోని వివరం కొంత నల్లగా మునిగిపోతుంది, వెలుతురు తెల్లగా తేలిపోతుంది. ఫ్లైషర్ చీకటి దృశ్యాల్లో గోడ ఇటుకలూ, మెట్ల అంచులూ కనిపించకపోతే మూలం ఏదో ఊహించుకోవచ్చు.

ఫిల్మును టీవీకి మార్చడంలో రెండో మోసం జరుగుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. అమెరికా టీవీ సెకనుకు దాదాపు 30. లెక్క కుదరడానికి నాలుగు ఫిల్ము ఫ్రేములను ఐదు వీడియో ఫ్రేములుగా పరుస్తారు. ఆ ఐదింటిలో రెండు, రెండేసి బొమ్మల కలగలుపు. మంచి డిస్కులో అసలు 24 ఫ్రేములనే భద్రపరిచి, కలపడం ప్లేయరుకు వదిలేస్తారు. పాత వీడియో టేపు నుంచి తీసిన డిస్కులో ఆ కలగలుపు శాశ్వతంగా అతుక్కుపోయి ఉంటుంది. సూపర్‌మ్యాన్ ఎగురుతున్న చోట ఆపి, ఒక్కో ఫ్రేమూ ముందుకు జరిపి చూడండి. మూడు శుభ్రంగా, రెండు దువ్వెన పళ్లలా చీలిన అంచులతో వస్తుంటే అది టేపు బాపతు. బ్లూ-రేలో 24 ఫ్రేములు నేరుగా పడతాయి, ఈ బాధ లేదు. యూరప్, భారత దేశాల పాల్ టీవీ పద్ధతిలో సెకనుకు 25. అక్కడ ఫిల్మును కాస్త వేగంగా తిప్పేస్తారు. పది నిమిషాల కార్టూన్ 9 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది, ధ్వని శ్రుతి కూడా పెరుగుతుంది. క్లార్క్ కెంట్ సూపర్‌మ్యాన్‌గా మారే క్షణంలో గాత్రధారి బడ్ కాలియర్ గొంతును ఒక్కసారిగా కిందికి దింపుతాడు. ఆ గాంభీర్యం మీద పాత్ర నిలబడింది. అందుకే శ్రుతి మారడం నాకు చిన్న విషయంగా తోచదు.

ఇక అసలు గొడవకు వద్దాం. పాత ఫిల్ము మీద దుమ్ము, గీతలు, కదిలే రేణువులు ఉంటాయి. వీటిని తుడిచే ప్రోగ్రాములు ఒక ఫ్రేమును దాని ముందు, వెనక ఫ్రేములతో పోల్చి చూస్తాయి. పక్క ఫ్రేముల్లో లేనిది ఈ ఒక్క ఫ్రేములోనే ఉంటే అది దుమ్మని తీర్మానించి, పక్క ఫ్రేము నుంచి ముక్క తెచ్చి పూడుస్తాయి. మనుషులు నటించిన సినిమాలో ఈ తర్కం చాలావరకు పనిచేస్తుంది. పరిగెత్తే మనిషి చెయ్యి మసకగా సాగి ఉంటుంది, చొక్కాకు మడతలుంటాయి, అది ఎటు కదిలిందో యంత్రం పట్టుకోగలదు. చేత్తో గీసిన బొమ్మలో ఆ ఆనవాళ్లు లేవు. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య పిడికిలి చాలా దూరం దూకుతుంది. సాగిన మసక ఉండదు. గీత లోపల పూసిన రంగు చదునుగా ఉంటుంది, పట్టుకోవడానికి చిన్న మచ్చ కూడా ఉండదు. ఒక్క ఫ్రేములో మాత్రమే కనిపించిన సన్నని సిరా గీతనూ, ఒక్క ఫ్రేములో పడ్డ వెంట్రుకనూ యంత్రం వేరు చేయలేదు. రెంటినీ తుడిచేస్తుంది. వేగంగా తిరిగిన తలకు దవడ గీత మాయమవుతుంది, వేళ్లు కలిసిపోతాయి, ముక్కు సగం తెగుతుంది. ఈ తుడుపుకు వాడే డీవీఎన్ఆర్ అన్న మాట వింటేనే అమెరికాలోని కార్టూన్ సేకర్తలు ఉలిక్కిపడేది ఇందుకే. లేజర్‌డిస్కుల కాలం నుంచీ ఎన్నో మంచి కార్టూన్ల గీతలను అది మింగింది.

ఆ గీతను ఒక మనిషి గీశాడు. ఇంకొకరు సెల్ అనే పారదర్శక రేకు మీద సిరాతో దిద్దారు. ఆ తర్వాతే రంగు పూశారు. ఫిల్ము మీది దుమ్ము కంటికి ఇబ్బందే, కానీ దుమ్ము పోవడానికి గీతను మూల్యంగా ఇవ్వడం నాకు సమ్మతం కాదు. కెమెరా కింద పెట్టినప్పుడే సెల్ మీద పడ్డ దుమ్ము కూడా ఈ కార్టూన్లలో కనిపిస్తుంది. అది కాలం చేసిన నష్టం కాదు, ఆ రోజు అక్కడ జరిగిన పనికి గుర్తు. దాన్ని ఉంచాలి.

రేణువుల సంగతీ ఇలాంటిదే. గ్రెయిన్ అంటే బొమ్మ మీద చేరిన మురికి కాదు. వెలుతురు తగిలిన వెండి స్ఫటికాలతోనే బొమ్మ తయారైంది, అవి తీసేస్తే బొమ్మలో కొంత పోతుంది. వాటర్‌కలర్ బ్యాక్‌గ్రౌండ్లలో కుంచె ఆనవాళ్లు, కాగితపు గరుకుదనం ముందుగా పోతాయి. దీనికి ఎదురు వాదన ఒకటుంది, అందులో బలమూ ఉంది. టెక్నికలర్ అద్దకంలో రంగు కొద్దిగా పాకేది కాబట్టి 1941 ప్రేక్షకుడు చూసిన ప్రింటు నెగటివ్ కన్నా మెత్తగా ఉండేది. నేటి స్కాన్ అప్పుడెవరూ చూడనంత రేణువును చూపిస్తుంది. కాబట్టి కొద్దిగా నునుపు చేయడం తప్పు కాకపోవచ్చు. అయితే ఎంత మేరకు అన్నదానికి కొలబద్ద పాత టెక్నికలర్ ప్రింటు కావాలి, నిన్నటి కంప్యూటర్ కార్టూన్ కాకూడదు.

రేణువు తీస్తే వచ్చే ఇంకో నష్టం చీకట్లో బయటపడుతుంది. నలుపు నుంచి ముదురు నీలానికి మెల్లగా మారే ఆకాశాన్ని డిజిటల్ వీడియో పరిమితమైన మెట్లతో చూపాలి. సన్నని రేణువు ఆ మెట్ల అంచులను చెదరగొట్టి కంటికి కనపడనివ్వదు. రేణువు పోగానే ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. రేణువు ఉంచాలంటే డిస్కులో చోటు కావాలి. 17 కార్టూన్లూ కలిపి రెండున్నర గంటల లోపే. వాటన్నిటినీ 4.7 గిగాబైట్ల ఒకే పొర డీవీడీలో కుక్కితే సెకనుకు సగటున నాలుగు మెగాబిట్ల చిల్లర దక్కుతుంది. ముదురు దృశ్యాల్లో చదరపు గడులు తేలడానికి అది చాలు. రెండు డిస్కుల్లో సర్దినదైతే మేలు. బ్లూ-రేలో ఆ కొరత ఉండదు.

సూపర్‌మ్యాన్ విషయంలో మంచి మూలాలు వార్నర్ సంస్థ దగ్గర ఉన్నాయి. డీసీ కామిక్స్ దానిదే. వార్నర్ డిస్కులు రాకముందు, 2000లో బాస్కో వీడియో 35 ఎంఎం ప్రింట్ల నుంచి తెచ్చిన డీవీడీని సేకర్తలు చాలాకాలం ప్రామాణికంగా చూశారు. 2009లో వార్నర్ 17 కార్టూన్లనూ డీవీడీ సెట్‌గా ఇచ్చింది. 2023లో బ్లూ-రే వచ్చింది. రంగులు నిండుగా, ఫ్రేము నిలకడగా ఉన్నాయి కానీ, రేణువును మరీ గట్టిగా తుడిచారని సమీక్షకులు విమర్శించారు. నాకూ అదే బాధ. అంత మంచి మూలం చేతిలో ఉండి, సన్నని గీతలనూ కుంచె గరుకునూ నునుపు చేసేయడం జరగాల్సింది కాదు. రంగు కోసం, నిలకడ కోసం బ్లూ-రే కొనవచ్చు. 2009 డీవీడీ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లు మాత్రం దాన్ని పారేయకండి. ఏఐతో ‘4కే’ చేశామని ఆన్‌లైన్లో తిరిగే కాపీలను నేను లెక్కలోకి తీసుకోను. వాటిలోని గీత ఏ చిత్రకారుడూ గీసింది కాదు, యంత్రం ఊహించింది.

ఇంకొన్ని చూసుకోవాలి. ఈ కార్టూన్లు దాదాపు చదరపు తెర కోసం తీసినవి. నేటి వెడల్పు టీవీ నిండేలా కత్తిరిస్తే ఎత్తులో నాలుగో వంతు పోతుంది. భవనం మీంచి భవనం మీదకు ఎగిరే కథలో పోగొట్టుకోకూడనిది ఆ ఎత్తే. శబ్దం అసలు మోనో. అట్ట మీద 5.1 అని ఉంటే, పాత మోనో ట్రాక్ కూడా విడిగా ఉందో లేదో చూడండి. సామీ టింబర్గ్ సంగీతం మీద కొత్త పేలుళ్లు కలపడం నేరం కాకపోవచ్చు గానీ, అది వేరే సినిమా. కార్టూన్లు 17 ఉండాలి. యుద్ధకాలపు ‘జపటూర్స్’, ‘ఎలెవెంత్ అవర్’లలో జపనీయులను చూపిన తీరు వికారంగా ఉంటుంది. పిల్లలకు చూపేముందు పెద్దలు ఆ మాట చెప్పి తీరాలి. కానీ వాటిని తీసేసి సంపూర్ణం అని అమ్మడం చరిత్రను దాచడమే.

అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునే తెలుగువాళ్లు ఒకటి కనుక్కోవాలి. అక్కడి డీవీడీలకు రీజియన్ 1, మన దేశానికి 5. బ్లూ-రేలకు అక్కడ ‘ఏ’, ఇక్కడ ‘సీ’. రీజియన్ తాళం లేని డిస్కులూ ఉన్నాయి, అట్ట వెనక గ్లోబు గుర్తు దగ్గర చూస్తే తెలుస్తుంది. కంప్యూటరులోని డీవీడీ డ్రైవు రీజియన్‌ను మామూలుగా ఐదుసార్లే మార్చనిస్తుంది. ఐదోసారి ఏది పెడితే ఇక అక్కడే ఉండిపోతుంది.