నేల కోతకు పటం గీశారు. కౌలు రైతును అడిగారా?

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి ఒడ్డు ఊళ్లకు ఇసుక బాధ కొత్త కాదు. ఆ ఏటినే అక్కడ హగరి అంటారు. ఏరు ఎండిన రోజుల్లో ఇసుక గాలికి లేచి చేలమీద పడుతుంది. దర్గాహొన్నూరు లాంటి చోట్ల దిబ్బలే పొలాల్లోకి జరుగుతూ వచ్చాయి. అదే జిల్లా ఎర్రనేలల్లో మరో బాధ: జడివానకు పైమట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు తేలుతున్నాయి. ఒకచోట గాలి, ఒకచోట నీరు. నష్టపోయేది మాత్రం రెండుచోట్లా బక్క రైతూ, అతని చేలో కూలికి పోయేవాళ్లూ.

ప్రభుత్వం దీన్ని కొలవలేదని మేము అనడం లేదు. ఇస్రోకు చెందిన అహ్మదాబాదు కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో దేశమంతటికీ పటాలు గీసింది. 2003-05లో 9 కోట్ల 45 లక్షల హెక్టార్ల భూమి క్షీణించి ఉందని తేల్చింది. 2018-19 నాటికి అది 9 కోట్ల 78 లక్షలైంది. అంటే దేశ విస్తీర్ణంలో నూటికి దాదాపు 30 పాళ్లు. పెరిగింది 33 లక్షల హెక్టార్లు, 80 లక్షల ఎకరాల పైమాటే. ఇందులో పెద్ద వాటా నీటి కోతది.

లెక్క మంచిదే. కాని ఆ దేశపటంలో ఒక సెంటీమీటరంటే నేలమీద 5 కిలోమీటర్లు. ఒక ఊరు గోటికింద దాగిపోతుంది! గండ్లు, చౌడు తెల్లదనం ఆకాశం నుంచి కనబడతాయి. ఎవరి చేను ఎంత సత్తువ తప్పిందో కనబడదు.

దానికి మట్టి పరీక్షలున్నాయి కదా అంటారు. 2015లో మొదలైన భూసార పత్రాల పథకం మెట్టలో 10 హెక్టార్లకు ఒక నమూనా తీయమంది. అంటే 25 ఎకరాలకు ఒకటి. అందులో బక్క రైతుల కమతాలు ఎన్ని ఉంటాయో వేరే చెప్పాలా? ఒకరిది ఏటవాలు, ఒకరిది పల్లం. ఒకరి నాడి చూసి అందరికీ మందు చీటీ రాస్తే రోగం కుదురుతుందా? పైగా ఆ పత్రం నత్రజని, భాస్వరం ఎంతుందో చెబుతుంది గాని, ఎంత మట్టి పోయిందో చెప్పదు.

అది చెప్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. కలుపు తీసే ఆడకూలీలను అడగండి, ఏ చేలో పార రాయికి తగులుతుందో చెబుతారు. గొర్రు తోలేవాళ్లను అడగండి, ఏ మూల గొర్రు దిగదో చూపిస్తారు. చెట్టు వేళ్లు ఎంత బయటపడ్డాయి, గట్టుకు ఎగువన ఎంత మట్టి పేరుకుంది, నీళ్లు ఎక్కడ గండికొట్టాయి - ఇవన్నీ కొలబద్దలే.

మందు కూడా తెలిసిందే. వాలుకు అడ్డంగా దున్నాలి, గట్లు వేయాలి, చెరువు మట్టి తోలాలి. 2005 ఉపాధి హామీ చట్టం వచ్చాక ఎన్నో ఊళ్లలో కూలీలు కందకాలూ కుంటలూ తవ్వి చూపించారు. మరి కౌలు రైతు సంగతి? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చేసిన చట్టం అతనికి 11 నెలల గడువుతో పత్రం ఇవ్వమంది. దానికీ యజమాని ఒప్పుకోవాలంది. చెరువు మట్టి బలం ఏళ్ల తరబడి నిలుస్తుంది. పదకొండు నెలలకు చేజారే చేలో అప్పుచేసి మట్టి ఎవరు తోలతారు? కౌలుదారే నేలను పాడుచేస్తున్నాడనే పెద్దలు ముందు దీనికి జవాబు చెప్పాలి.

మేము అడిగేది ఇదీ. ఊరి పటం సర్వే నెంబర్ల వారీగా గీయాలి. గ్రామసభలో చదివి వినిపించి, కూలీలూ కౌలుదార్లూ చెప్పిన తప్పులు దిద్దాలి. కోతపడ్డ బక్క రైతు చేలకే ముందుగా ఉపాధి పనులు పెట్టాలి. కౌలుదారుకు కొన్నేళ్లపాటు భూమి నిలిచే హామీ ఇవ్వాలి.

అధికారులు వచ్చేదాకా ఆగనక్కరలేదు. సంఘం కార్యకర్తలు వానకు ముందే ఒకరోజు కూలీలతో కలిసి పొలాల వెంట నడవండి. కోతపడ్డ చోటల్లా కాగితం మీద గుర్తు పెట్టండి. ఆ కాగితంతోనే మండలాఫీసుకు వెళ్దాం.